వచ్చి వెళ్లేవి, వచ్చి ఉండిపోయేవి

మీ ప్రశ్న – నా జవాబు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ప్లాస్టిక్ గురించే. రక్తంలో ప్లాస్టిక్, ఉప్పులో ప్లాస్టిక్, మెదడులో ప్లాస్టిక్ అని వార్తలు వరసగా వస్తుంటే భయం వేయడం సహజం. ఏళ్ల తరబడి గుంటూరులో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినదాన్ని కాబట్టి తెలిసినంత వరకు విడమరిచి రాస్తున్నాను. ఒకే రకం ప్రశ్నలు చాలా వచ్చిన చోట ఒక్క ఉత్తరమే తీసుకున్నాను.

ప్ర. మేడమ్, నాకు ఇప్పుడు ఆరో నెల. తల్లి రక్తంలో, మాయలో కూడా ప్లాస్టిక్ దొరికిందని ఫోన్‌లో వీడియోలు చూసినప్పటి నుంచి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మా వారు పొద్దున్నే టిఫిన్ సెంటర్ నుంచి ఇడ్లీ, సాంబారు కవర్లలో కట్టించుకొస్తారు. ఇన్నాళ్లూ అదే తిన్నాను. బిడ్డకు ఏమైనా అవుతుందా? – ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

జ. తల్లీ, ముందు ఆ వీడియోలు చూడటం ఆపు. నీకు ఇప్పుడు నిద్ర చాలా అవసరం.

మాయలో ప్లాస్టిక్ దొరికిందన్నది నిజమే. ఇటలీలో ఆరుగురు తల్లుల మాయలను పరీక్షిస్తే నలుగురి వాటిలో కలిపి 12 రేణువులు కనిపించాయి. 2021లో ఆ పరిశోధన అచ్చయింది. ఆ తల్లులందరివీ మామూలు కాన్పులే. మరుసటి ఏడు నెదర్లాండ్స్‌లో 22 మంది రక్తం పరీక్షిస్తే 17 మందిలో ప్లాస్టిక్ ఆనవాళ్లు ఉన్నాయి. ఈ రెండు పరిశోధనల వల్ల మనకు తెలిసింది ప్లాస్టిక్ మన ఒంట్లోకి చేరుతోందని. దాని వల్ల బిడ్డకు ఏమవుతుందన్నది వాళ్లు పరీక్షించనే లేదు. వీడియోలు చేసేవాళ్లు ఈ రెంటినీ కలిపేసి చెబుతారు.

మరి కవర్లో సాంబారు సంగతి? అది రేపటి నుంచే మానేయమంటాను. ఎందుకంటే అసలు గొడవంతా వేడితోనే. వేడి తగిలితే ప్లాస్టిక్ నుంచి కంటికి కనపడని రేణువులు రాలతాయి. దానిలో కలిపిన రసాయనాలు కూడా తిండిలోకి దిగుతాయి, నూనె ఉన్న పదార్థంలోకైతే ఇంకా తేలిగ్గా. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు పేపర్ కప్పులను పరీక్షించారు. పేరుకు పేపరే గానీ లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది లేకపోతే టీ నిలవదు. 85–90 డిగ్రీల వేడినీళ్లు 100 మిల్లీలీటర్లు పోసి 15 నిమిషాలు ఉంచితే దాదాపు 25,000 రేణువులు ఆ నీళ్లలోకి వచ్చాయి.

రసాయనాల వైపు నుంచి చూస్తే, గర్భిణుల విషయంలో గట్టి పరిశోధన జరిగింది థాలేట్ల మీద. ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే పదార్థాలివి. అమెరికాలో 16 అధ్యయనాల్లోని 6,045 మంది తల్లుల వివరాలు కలిపి చూసి 2022లో ప్రచురించారు. మూత్రంలో కొన్ని రకాల థాలేట్లు ఎక్కువ ఉన్నవాళ్లకు నెలలు నిండకుండా కాన్పయ్యే అవకాశం 12 నుంచి 16 శాతం మేర పెరిగింది. ఇది గుండెలు బాదుకునేంత పెరుగుదల కాదు, అలాగని కొట్టిపారేసేదీ కాదు. నువ్వు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి ఉంది. థాలేట్లు ఒంట్లో నిలవవు. ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో బయటికి పోతాయి. కాబట్టి ఇన్నాళ్లూ తిన్నదాని గురించి కుమిలిపోవద్దు. ఇవాళ మానేస్తే ఎల్లుండికే తేడా ఉంటుంది.

మీ ఆయన చేతికి స్టీలు క్యారియర్ ఇచ్చి పంపు. గిన్నె తెచ్చుకుంటే కాదనే టిఫిన్ సెంటర్ మన ఊళ్లో నేను చూడలేదు. అలాగే అక్కడ ఇడ్లీ ప్లేట్లలో గుడ్డ వేస్తున్నారో, ప్లాస్టిక్ కాగితం పరిచి ఆవిరి పట్టిస్తున్నారో ఒకసారి చూడమను. ఈ ప్లాస్టిక్ కాగితం పద్ధతిని నిషేధిస్తున్నట్టు కర్ణాటక ప్రభుత్వం 2025లో ప్రకటించింది. మన దగ్గర కూడా అడగాల్సిన విషయమే.

రేపు బిడ్డ పుట్టాక ఎవరో ఒకరు తల్లిపాలలో కూడా ప్లాస్టిక్ ఉందట అని చెబుతారు. ఇటలీలోనే 34 మంది తల్లుల పాలు పరీక్షిస్తే 26 మంది పాలలో కనిపించిన మాట వాస్తవం. అయినా తల్లిపాలు మానొద్దని ఆ పరిశోధకులే చెప్పారు. నువ్వు మానకు. పోతపాలు పట్టాల్సి వస్తే మాత్రం వేడినీళ్లు ప్లాస్టిక్ సీసాలో పోసి కలపకు. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ వాళ్లు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన పాలసీసాలను పరీక్షించారు. 25 డిగ్రీల నీళ్లకు లీటరుకు 6 లక్షల రేణువులు రాలితే, 95 డిగ్రీల నీళ్లకు 5 కోట్లు దాటాయి. స్టీలు గిన్నెలోనో గాజు గ్లాసులోనో కలిపి, పాలు గోరువెచ్చగా అయ్యాకే సీసాలో పోయాలి. సీసాను మైక్రోవేవ్‌లో ఎప్పుడూ పెట్టకు.

ప్ర. మాది సింగ్ నగర్. 2024 బుడమేరు వరద తర్వాత కుళాయి నీళ్లంటే భయమేసి 20 లీటర్ల టిన్నులు వేయించుకుంటున్నాం. ఆటోలో ఎండలో తిప్పి తెస్తారు. ఇప్పుడు బాటిల్ నీళ్లలోనే ఎక్కువ ప్లాస్టిక్ అంటున్నారు. ఏ నీళ్లు తాగాలి మేడమ్? – ప్రైవేటు ఉద్యోగి, విజయవాడ

జ. బాబూ, వరద చూసినవాళ్ల భయం నాకు అర్థమవుతుంది. నీళ్ల విషయంలో మొదట చూడాల్సింది రోగక్రిములనే. కలరా, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే నీళ్ల ముందు మైక్రోప్లాస్టిక్, అంటే ఈ సన్నటి ప్లాస్టిక్ రేణువులు, చిన్న సమస్య. ఈ వరస మారకూడదు.

బాటిల్ నీళ్ల గురించి నువ్వు విన్నది కొలంబియా యూనివర్సిటీ వాళ్ల పని. 2024 జనవరిలో వచ్చింది. లీటరు బాటిల్ నీళ్లలో సగటున 2,40,000 రేణువులు లెక్కపెట్టారు. అందులో 90 శాతం మైక్రో కంటే కూడా చిన్నవి, నానో రేణువులు. నన్ను ఆపి ఆలోచింపజేసింది ఆ అంకె కాదు. ఆ రేణువుల్లో సీసా ప్లాస్టిక్ కంటే నైలాన్ జాతి పాలీఅమైడ్ ఎక్కువగా ఉంది. అది నీటిని శుద్ధి చేసే ఫిల్టర్ల నుంచే వచ్చి ఉంటుందని వాళ్లు భావించారు. అంటే టిన్ను ఒక్కటే కాదు, ప్లాంటులో ఫిల్టర్లను సరిగా చూసుకుంటున్నారా అన్నది కూడా ముఖ్యమే.

2024లోనే చైనాలోని గ్వాంగ్‌జౌ నుంచి ఇంకో పరిశోధన వచ్చింది. అది మన ప్రాంతానికి బాగా పనికొస్తుంది. సున్నం ఎక్కువున్న నీళ్లు మరిగిస్తే గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది కదా, ఆ సున్నం గడ్డకట్టేటప్పుడు ప్లాస్టిక్ రేణువులను తనలో బంధించేస్తుంది. లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యం (సున్నం లాంటి లవణాలు) ఉన్న నీళ్లలో 90 శాతం, 180 ఉన్న నీళ్లలో 84 శాతం, 80 మాత్రమే ఉన్నవాటిలో 34 శాతం రేణువులు తగ్గాయి. ఐదు నిమిషాలు మరిగించి, చల్లార్చి, అడుగు కదలకుండా తేర్చి, కాఫీ ఫిల్టర్ కాగితం లాంటి సన్నటిదాంట్లో వడకట్టాలి. బోరు నీళ్లు తాగేవాళ్లకు ఇది బాగా పనిచేస్తుంది, కాఠిన్యం తక్కువున్న నీళ్లకు తక్కువ పనిచేస్తుంది. ఫ్లోరైడ్ ఉన్న బోరైతే మాత్రం మరిగించొద్దు, ఫ్లోరైడ్ చిక్కబడుతుంది.

ఇక నా సలహా. కుళాయి నీళ్లు శుభ్రంగా వస్తుంటే మరిగించి, వడకట్టి స్టీలు బిందెలో పోసుకోండి. ఇంట్లో ఆర్వో ఉంటే అదీ మంచిదే, ప్లాస్టిక్‌నూ, కింద చెప్పబోయే పీఫాస్ అనే మొండి రసాయనాలనూ చాలావరకు ఆపుతుంది. టిన్నులు తప్పకపోతే ఎండలో నిలబెట్టినవి తీసుకోకండి.

ప్ర. అమ్మా, మిర్చికి మల్చింగ్ షీటు (మొక్కల చుట్టూ నేల మీద పరిచే ప్లాస్టిక్) వేస్తున్నాం. పంటయ్యాక ఎంత ఏరినా ముక్కలు మట్టిలో ఉండిపోతున్నాయి. రోటావేటర్ వేస్తే ఇంకా చిన్నవైపోతున్నాయి. పైగా మా నాన్న పత్తికి ఎండోసల్ఫాన్ పురుగుమందు కొట్టిన భూమి ఇది. అదింకా నేలలో ఉందంటారా? – మిర్చి రైతు, ప్రత్తిపాడు మండలం

జ. ఈ నెల ఉత్తరాల్లో నేను ఎక్కువసేపు ఆలోచించింది మీ ఉత్తరం గురించే. సముద్రంలో ప్లాస్టిక్ గురించి ప్రపంచమంతా మాట్లాడుతుంది. పొలంలో ప్లాస్టిక్ గురించి పొలంలోకి దిగినవాళ్లే అడగాలి. వ్యవసాయం, పశుపోషణ కలిపి ఏడాదికి కోటీ 25 లక్షల టన్నుల ప్లాస్టిక్ సరుకు వాడుతున్నాయని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2021లో లెక్క చెప్పింది.

షీటు వల్ల మీకు కలుపు తగ్గింది, నీళ్లు మిగిలాయి, కూలి ఖర్చు తగ్గింది. వాడొద్దని ఊరికే చెప్పే హక్కు నాకు లేదు. కానీ మనకంటే ముందే విపరీతంగా వాడిన చైనాలో ఏం జరిగిందో చూడాలి. షింజియాంగ్ పత్తి పొలాల్లో చాలా పల్చటి షీట్లు ఏళ్ల తరబడి వేశారు. అవి ఏరడానికి రాకుండా చిరిగి మట్టిలో కలిసిపోయాయి. ముక్కలు పేరుకున్న నేలలో నీరు సరిగా ఇంకదు, వేరు సాగదు, చివరికి దిగుబడి పడిపోతుంది. అప్పుడు మేలుకుని షీటు కనీసం 10 మైక్రాన్ల మందం ఉండాలని 2018 నుంచి నిబంధన అమలు చేశారు. మన దగ్గర మిర్చికి 25–30 మైక్రాన్ల షీటు వాడమంటారు. చవకగా వస్తుందని అంతకంటే పల్చటిది కొనకండి, తీసేటప్పుడు చేతికి రాదు. ఆఖరి కోత కాగానే, ఎండకు పెళుసెక్కకముందే, నేలలో కాస్త పదును ఉండగా లాగేయండి. షీటు పూర్తిగా తీయకుండా రోటావేటర్ దింపొద్దు. మీరన్నది నిజం, ముక్కల్ని ఎవరూ ఏరలేనంత చిన్నగా చేసేది అదే.

తీసిన షీటును గట్టు మీద కాల్చే అలవాటు చాలామందికి ఉంది. దయచేసి వద్దు. ముఖ్యంగా దాంతో పాటు పీవీసీ పైపు ముక్కలు వేయకండి. పీవీసీలో క్లోరిన్ ఉంటుంది, కాలితే డయాక్సిన్లు పుడతాయి. అవి నేల మీద, గడ్డి మీద పడి, గేదె తిని, పాల వెన్నలోకి చేరతాయి. కొవ్వులో దాక్కుని ఏళ్ల తరబడి ఉండే విషాలవి. మరి షీటు ఎక్కడ వేయాలి? తిరిగి తీసుకునే బాధ్యత అమ్మినవాళ్ల మీద ఉండాలి. ప్యాకింగ్ ప్లాస్టిక్ విషయంలో తయారీదారుదే బాధ్యత అని 2022లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. మల్చింగ్ షీటుకూ, డ్రిప్ పైపుకూ అలాంటి ఏర్పాటు గట్టిగా రావాలి. మీ రైతు సంఘం తరఫున వ్యవసాయ శాఖకు రాయండి. ఈ శీర్షికలో నేనూ మళ్లీ మళ్లీ రాస్తాను.

ఇంకో మాట. కల్లంలో మిర్చి ఆరబోసే టార్పాలిన్ పట్టా వెలిసిపోయి, గోటితో గీస్తే పొడిలా రాలుతుంటే దాని పని అయిపోయినట్టే. దాని మీద కాయ పోయొద్దు. సిమెంటు కల్లం ఉంటే అన్నిటికంటే మేలు.

ఇక ఎండోసల్ఫాన్. 1980ల్లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు మన జిల్లాల్లో ఎన్ని మందులు గుమ్మరించారో ఆ తరానికి తెలుసు. మీ నాన్నగారిని తప్పు పట్టే పని లేదు, అమ్మినవాళ్లు అప్పుడు చెప్పింది అదే. కేరళలోని కాసరగోడ్ జీడితోటల మీద హెలికాప్టర్లతో ఈ మందే చల్లారు. అక్కడి పిల్లల్లో కనిపించిన జబ్బుల మీద ఏళ్ల తరబడి పోరాటం జరిగింది. 2011 మే 13న సుప్రీంకోర్టు దేశమంతటా నిషేధించింది. ఎండోసల్ఫాన్, దాని నుంచి పుట్టే పదార్థం కలిపి చూస్తే నేలలో సగానికి తగ్గడానికి 9 నెలల నుంచి 6 ఏళ్లు పడుతుందని అంచనా. నిషేధించి పదేళ్లు దాటింది కాబట్టి మీ నేలలో చాలావరకు విరిగిపోయి ఉంటుంది. డీడీటీ అంతకంటే మొండిది, సగం పోవడానికే 2 నుంచి 15 ఏళ్లు పడుతుంది. 1989లోనే వ్యవసాయానికి నిషేధించినా దాని అవశేషాలు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి.

ప్ర. నాన్‌స్టిక్ పెనం గీతలు పడింది. మా అత్తగారు పారేయమంటున్నారు. కొత్తది కొందామంటే దాని మీద ‘పీఎఫ్ఓఏ ఫ్రీ’ అని రాసి ఉంది. నమ్మొచ్చా? – ఉపాధ్యాయిని, తెనాలి

జ. మీ అత్తగారి మాట వినండి, ఇనప పెనం కొనుక్కోండి. అయితే అసలు భయపడాల్సింది పెనం గురించి కాదు.

పెనం మీద పూత టెఫ్లాన్. 1938లో డ్యూపాంట్ కంపెనీలో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనుక్కున్నాడు. ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద మరిచిపోతే పొగలు వస్తాయి, అది ప్రమాదం. మామూలు వంటలో ఆ పూత ముక్క కడుపులోకి వెళ్లినా జీర్ణం కాకుండా బయటికి పోతుంది. కష్టమంతా దాన్ని తయారుచేసే ఫ్యాక్టరీ దగ్గర మొదలైంది. తయారీలో పీఎఫ్ఓఏ అనే రసాయనం వాడేవారు. పీఫాస్ అనే వేల రసాయనాల కుటుంబంలో అదొకటి. వీటన్నిటిలో కార్బన్‌కు ఫ్లోరిన్ అతుక్కుని ఉంటుంది. సేంద్రియ రసాయనాల్లో అత్యంత గట్టి బంధాల్లో అదొకటని నేను ప్రతి ఏడూ క్లాసులో చెప్పేదాన్ని. ఎండకు, వానకు, సూక్ష్మజీవులకు, మన కాలేయానికి, దేనికీ అది లొంగదు. అందుకే నూనె అంటని కాగితాలకు, తడవని బట్టలకు, మంటలార్పే నురగకు ఈ రసాయనాలు వాడారు.

అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని పార్కర్స్‌బర్గ్ దగ్గర డ్యూపాంట్ ఫ్యాక్టరీ పీఎఫ్ఓఏను నదిలోకి, గాలిలోకి, చెత్తగుంటల్లోకి వదిలింది. పక్కనే పశువులు పెంచుకునే విల్బర్ టెనెంట్ అనే రైతు ఆవులు చచ్చిపోతుంటే రాబ్ బిలాట్ అనే లాయరు దగ్గరికి వెళ్లాడు. ఆ కేసు వల్ల దాదాపు 69,000 మంది రక్త పరీక్షలు, ఆరోగ్య వివరాలు సేకరించారు. కిడ్నీ క్యాన్సర్, వృషణాల క్యాన్సర్, థైరాయిడ్ జబ్బు, పేగు పూత, గర్భంతో వచ్చే బీపీ, ఎక్కువ కొలెస్ట్రాల్, ఈ ఆరింటికీ పీఎఫ్ఓఏకూ సంబంధం ఉండే అవకాశం బలంగా ఉందని శాస్త్రవేత్తల బృందం 2012 నాటికి తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2023లో పీఎఫ్ఓఏను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది. 2024లో అమెరికా తాగునీటికి పెట్టిన పరిమితి లక్ష కోట్ల భాగాల్లో 4 భాగాలు.

పైన బ్రాడీపేట అమ్మాయికి థాలేట్లు రెండు రోజుల్లో పోతాయని చెప్పాను. పీఎఫ్ఓఏ అలా కాదు. రక్తంలో సగం తగ్గడానికే రెండు నుంచి నాలుగేళ్లు పడుతుంది. 2022లో స్టాక్‌హోమ్ యూనివర్సిటీ వాళ్లు చూస్తే టిబెట్ పీఠభూమి మీద, అంటార్కిటికాలో పడే వానలో, మంచులో కూడా, అమెరికా అప్పట్లో సూచించిన పరిమితిని మించి ఉంది. ఇంట్లో ఆడవాళ్లు పెనం మార్చినంత మాత్రాన ఆగేది కాదిది. వచ్చి వెళ్లిపోయేవాటిని మనం వంటింట్లో తగ్గించుకోవచ్చు. వచ్చి ఉండిపోయేవాటిని ఫ్యాక్టరీ గేటు దాటకముందే ఆపాలి, దాటాక వెనక్కి తెచ్చేవాళ్లు లేరు.

‘పీఎఫ్ఓఏ ఫ్రీ’ అంటే ఆ ఒక్కటి వాడలేదని మాత్రమే. దాని బదులు వాడింది అదే కుటుంబంలోని ఇంకొకటి కావచ్చు. ఇలాంటి మొండి రసాయనాలను ఆపే స్టాక్‌హోమ్ ఒప్పందాన్ని మన దేశం 2006లో ఆమోదించింది. పీఎఫ్ఓఏ 2019లో ఆ జాబితాలోకి ఎక్కింది. అయినా మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500ను 2012లో సవరించినప్పుడు పీఫాస్‌కు పరిమితే పెట్టలేదు. మీరు టీచరు కాబట్టి పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

ప్ర. నాకు 67 ఏళ్లు, మెడ రక్తనాళంలో కొవ్వు పేరుకుందన్నారు. ఆ కొవ్వులో ప్లాస్టిక్ ఉంటే గుండెపోటు వస్తుందట, నిజమేనా? – విశ్రాంత ఉద్యోగి, పటమట

జ. అన్నయ్యగారూ, ఇది 2024 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఇటలీలో మెడ రక్తనాళంలోని కొవ్వు తీసే ఆపరేషన్ అయిన 257 మందిని దాదాపు మూడేళ్లు గమనించారు. తీసిన కొవ్వులో ప్లాస్టిక్ కనిపించినవాళ్లలో గుండెపోటు, పక్షవాతం, మరణం కలిపి చూస్తే ముప్పు నాలుగున్నర రెట్లు ఉంది. చాలా గట్టి సంకేతమే. కానీ ప్లాస్టిక్ వల్లే అలా జరిగిందని ఆ పరిశోధన నిరూపించలేదు, రాసినవాళ్లు కూడా ఆ మాటే చెప్పారు. మీ బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మాత్రలు మానకండి. ఆ మూడూ గుండెకు ముప్పన్న విషయంలో సందేహమే లేదు.

ప్ర. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ పక్కన మా ఫ్లాట్. రోజూ నల్లటి దుమ్ము. ఇందులోనూ ప్లాస్టిక్ ఉంటుందా? – గృహిణి, విజయవాడ

జ. ఉంటుందమ్మా. ఆ నలుపులో పొగమసితో పాటు టైర్ల అరుగుదల కూడా ఉంది. టైరు రబ్బరులో కొంత భాగం పెట్రోలియం నుంచి చేసిందే. టైరు పగలకుండా 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అది గాలిలోని ఓజోన్‌తో కలిసి కొత్త విషంగా మారుతుంది. వాన పడిన ప్రతిసారీ అమెరికా వాషింగ్టన్ రాష్ట్రపు వాగుల్లో కోహో సాల్మన్ చేపలు ఎందుకు చస్తున్నాయో ఏళ్ల తరబడి తెలియలేదు. కారణం ఈ పదార్థమేనని 2020లో తేలింది. మన రోడ్ల మురికి తొలి వానకు బందరు కాల్వ, ఏలూరు కాల్వల్లోకే పోతుంది కాబట్టి ఇక్కడ కూడా ఎవరైనా కొలవాలి. మీరు చీపురుతో దుమ్ము లేపకుండా తడిగుడ్డతో తుడవండి.

ప్ర. వారానికి ఒక ఏటీఎం కార్డంత ప్లాస్టిక్ తింటున్నామని మా సెమినార్‌లో చెప్పాను. ఒక సార్ తప్పన్నారు. ఎవరు కరెక్ట్? – బీఎస్సీ విద్యార్థి, గుంటూరు

జ. మీ సార్ కరెక్ట్ నాన్నా. వారానికి 5 గ్రాములన్న ఆ లెక్క 2019 నాటిది. తర్వాత వచ్చిన జాగ్రత్తైన అంచనాలు అంతకంటే ఎన్నో రెట్లు తక్కువ. ఈ కొలత చాలా కష్టం. ల్యాబ్‌లో గాలిలో, చేతి తొడుగుల్లో, సీసాల్లో అంతటా ప్లాస్టిక్ ఉంటుంది. మిర్చి యార్డు మధ్యలో నిలబడి ఏ టిక్కీలో (బస్తాలో) కాయ ఘాటెక్కువో వాసన చూసి చెప్పమన్నట్టు ఉంటుంది. మెదడులో ప్లాస్టిక్ దొరికిందని 2025లో వచ్చిన పరిశోధన మీద కూడా ఇలాంటి అభ్యంతరమే వచ్చింది. మెదడులోని కొవ్వు కొన్ని పరీక్షల్లో పాలిథిన్‌లా కనిపించగలదని కొందరు శాస్త్రవేత్తలు అన్నారు. అంకె చెప్పేముందు ఎలా కొలిచారో చదువు. ఆసక్తి ఉంటే ఈ రంగంలోకే రా. 2004లో ప్లిమత్ యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ థాంప్సన్ సముద్రపు ఇసుకలో ఈ రేణువులను వెతికేనాటికి దాన్ని పట్టించుకున్నవాళ్లే తక్కువ. మన కృష్ణా కాల్వల్లో చేయాల్సిన పని చాలా ఉంది.

ప్ర. ఒంట్లో ప్లాస్టిక్‌ను కడిగేసే డిటాక్స్ పొడి అని వాట్సాప్‌లో వచ్చింది. నాన్నగారికి కిడ్నీ సమస్య ఉంది, వాడొచ్చా? – ఆటోనగర్, విజయవాడ

జ. వాడొద్దు. ప్లాస్టిక్‌ను ఒంట్లోంచి తీసేస్తుందని రుజువైన పొడి, టీ, మాత్ర ఏదీ లేదు. పీఫాస్ విషయంలో మాత్రం ఆస్ట్రేలియాలో 285 మంది అగ్నిమాపక సిబ్బంది మీద ఒక ప్రయోగం చేశారు. ఏడాది పాటు తరచూ ప్లాస్మా దానం చేసినవాళ్లలో, రక్తదానం చేసినవాళ్లలో ఆ రసాయనాలు తగ్గాయి. అది డాక్టర్ల పర్యవేక్షణలో జరిగింది, ఇంట్లో చేసుకునే వైద్యం కాదు. కిడ్నీ దెబ్బతిన్న మనిషికి ఏముందో తెలియని పొడి ఇవ్వడం చాలా ప్రమాదం. ఇప్పటికే ఒకటి రెండు చెంచాలు ఇచ్చి ఉంటే ఆ ప్యాకెట్ తీసుకుని ఈ వారంలోనే కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్లండి, క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించండి.